వరద సంగతి తెలిసిన ఆశ

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకు రెండోది, 17.75కి మూడోది. ఆ మట్టాల దగ్గర దిగువకు వెళ్ళే నీరు వరసగా 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కుల దరిదాపుల్లో ఉంటుంది. హైదరాబాదులో ఉండేవాళ్ళకి ఇవి టీవీ తెర అడుగున పరిగెత్తే అంకెలు. కోనసీమలో మాత్రం గేదెల్ని ఎప్పుడు గట్టెక్కించాలో, లంకలో మోటారు ఎప్పుడు విప్పి తెచ్చుకోవాలో, కాపుకొచ్చిన బెండ, వంగ ఎప్పుడు కోసేసుకోవాలో వీటిని బట్టే లెక్క కడతారు.

ఆత్రేయపురం మండలం ఆ బ్యారేజీకి సరిగ్గా దిగువన ఉంది. మధ్య డెల్టా కాలువ తలుపులున్న బొబ్బర్లంక ఈ మండలంలోదే. అటు గౌతమి, ఇటు వశిష్ఠ. 1986 ఆగస్టులో ఈ నది 35 లక్షల క్యూసెక్కులకు పైగా మోసుకొచ్చింది. 2022లో పెద్ద వరద ఆగస్టు దాకా కూడా ఆగలేదు. జూలైలోనే 25 లక్షలు దాటి వచ్చింది. అయినా ఏటిగట్టు కింద ఊళ్ళు ఖాళీ అయిపోలేదు. వరద తీశాక లంకల్లో ఒండ్రు మీద మళ్ళీ విత్తనం పడింది. అలాగని ‘ఈ ఏడు గోదారమ్మ రాదులే’ అని ధీమాగా పడుకున్నవాళ్ళూ లేరు. వరద వస్తుందని తెలుసు, పంట వేస్తారు. ఈ రెండు సంగతుల్నీ ఒకే బుర్రలో పక్కపక్కన పెట్టుకుని బతకడం గురించే ఈ వ్యాసం. మంచి వైపు చూడడం అనే విషయంలో నాలుగు దశాబ్దాలుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు పోగేసిన ప్రయోగాలు, నా మటుకు నాకు, ఆ లంక రైతు పద్ధతి దగ్గరికే వచ్చి చేరుతున్నట్టు కనిపిస్తాయి.

పొద్దున్నే ఫోను తెరిస్తే వచ్చిపడే సుభాషితాల సంగతి అందరికీ తెలిసిందే. సూర్యోదయం బొమ్మ, దాని మీద ‘పాజిటివ్‌గా ఆలోచించు, అంతా మంచే జరుగుతుంది’ అని ఓ మాట. పంపినవాళ్ళ మనసు మంచిదే. చిక్కల్లా ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉండడంలో ఉంది. ఇప్పుడు ఎలా అనిపిస్తోంది అన్నది ఒకటి: దాన్ని సంతోషం అందాం. రేపు ఏం జరుగుతుందని లెక్కేస్తున్నాం అన్నది రెండోది: ఇది ఆశావహ దృష్టి. మూడోది పగటికల, అంటే కోరుకున్నది జరిగిపోయినట్టు కళ్ళ ముందు ఊహించుకోవడం. ఈ మూడూ మనిషి మీద ఒకేలా పనిచేయవు. పైగా మూడోది చాలాసార్లు మనల్ని వెనక్కి లాగుతుంది.

ఆ చివరిమాట కొట్టిపారేసేది కాదు. గాబ్రియేల్ ఓటింగెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త, థామస్ వాడెన్‌తో కలిసి 1991లో ఒక అధ్యయనం ప్రచురించారు. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 25 మంది మహిళలతో చేసినది. చికిత్స మొదలయ్యే ముందు వాళ్ళని రెండు విషయాలు అడిగారు. తగ్గుతామన్న నమ్మకం ఎంత ఉంది? సన్నబడిన తరవాతి రోజుల్ని, ఎదురయ్యే తిండి ప్రలోభాల్ని ఊహించుకోమంటే ఎలా ఊహించుకుంటారు? ఏడాది తరవాత తూచి చూస్తే, తగ్గుతామని నమ్మినవాళ్ళు నమ్మనివాళ్ళకన్నా సుమారు 12 కిలోలు ఎక్కువ తగ్గారు. కానీ ఊహల్లో అంతా సాఫీగా, అందంగా జరిగిపోయినట్టు చూసుకున్నవాళ్ళు, కాస్త కష్టంగా ఊహించుకున్నవాళ్ళకన్నా దాదాపు అంతే తక్కువ తగ్గారు. నమ్మకం ముందుకు తోసింది, పగటికల వెనక్కి లాగింది.

25 మంది అంటే చిన్న గుంపే. అందుకని ఓటింగెన్ ఆ దారినే పోయి చదువులో, ఉద్యోగాల వేటలో, ప్రేమ వ్యవహారాల్లో కూడా అదే ప్రశ్న అడుగుతూ పోయారు. ఫలితం పెద్దగా మారలేదు. 2011లో హెదర్ కాపెస్‌తో చేసిన ప్రయోగాల్లో కారణం కూడా కొంత బయటపడింది. కోరుకున్నది దక్కినట్టు హాయిగా ఊహించుకున్నప్పుడు సిస్టాలిక్ రక్తపోటు, అంటే బీపీలో పైఅంకె, కొంచెం దిగుతుంది. పనికి పూనుకునేటప్పుడు అది పెరగాలి. ఒంటికి ఆ పని అయిపోయిందన్న కబురు ముందే అందిపోతోందన్నమాట. ఇక లేచి నిలబడడం ఎందుకు?

మరి నమ్మకం మాటేమిటి? దాని కథ చెప్పుకోవాలంటే ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర దగ్గరికి వెళ్ళాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చిపెట్టిన సంఘం పేరులోనే ఆయన ఉన్నాడు: సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం. మిఠాయికీ ఇంజనీరుకీ ఏం సంబంధం అని బయటివాళ్ళు అడగొచ్చు. ఇక్కడివాళ్ళు అడగరు. బియ్యం లేకపోతే రేకెక్కడిది, కాలువ లేకపోతే బియ్యమెక్కడివి?

1830ల కరువులు, 1839 ఉప్పెన కలిసి గోదావరి జిల్లాని ఊడ్చేశాయి. జనం చనిపోయినవాళ్ళు చనిపోగా మిగిలినవాళ్ళు వలసపోతున్నారు. పక్కనే అఖండ గోదావరి సముద్రంలోకి పోతూ ఉంది. ఆ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టొచ్చని 1844లో కాటన్ నివేదిక రాశాడు. 1847లో పని మొదలైంది, 1852కి పూర్తయింది. వీణెం వీరన్న లాంటి స్థానిక ఉద్యోగులు వేలమంది కూలీల్ని సమీకరించి ఆ పని నడిపించారు. ఇసుక అడుగున్న నదిలో రాతి కట్ట నిలుస్తుందని నమ్మడానికి ఆశ కావాల్సిందే. అయితే అది నది వెడల్పు, వాలు, కాలువ పారే దూరం, పండే ఎకరాలు, వచ్చే శిస్తు అన్నీ కాగితం మీద పెట్టుకున్న ఆశ.

ఇంతవరకూ అందరూ చెప్పే కథే. దీనికి రెండో సగం ఉంది, అది గోదావరి జిల్లాల్లో ఎవరూ పెద్దగా చెప్పుకోరు. అదే కాటన్, అదే ఉత్సాహంతో, తుంగభద్ర నీళ్ళని కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వి తీసుకెళ్ళే మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పథకాన్ని భుజాన వేసుకున్నాడు. సేద్యంతో పాటు పడవలు కూడా నడిచి ఆదాయం తెస్తాయన్నది లెక్క. కాలువ తవ్వారు. రైతులు నీళ్ళు కొనలేదు. నల్లరేగడిలో మెట్టపంటలు పండించుకునేవాళ్ళకి కరువొచ్చిన ఏడు తప్ప కాలువ నీటితో పని పడలేదు. కంపెనీ నష్టాల్లో మునిగింది, చివరికి 1882లో ప్రభుత్వం ఆ కాలువని కొనేసుకోవాల్సి వచ్చింది. మనిషి మారలేదు, ఆశ తగ్గలేదు. మారిందల్లా నేల, రైతు అవసరం. ఆశావాదం వల్లే ధవళేశ్వరం నిలబడిందని చెబితే, ఆశావాదం వల్లే కర్నూలు–కడప కాలువ కంపెనీ మునిగిందనీ చెప్పాలి. గెలిచినవాళ్ళ జీవితచరిత్రలు మాత్రమే చదివితే వచ్చే ప్రమాదం ఇదే. నమ్మకం మనిషిని పనిలోకి దింపుతుంది, అంతవరకే దాని పూచీ. ఆ తరవాత నేల మాట నేలదే.

ఆరోగ్యం సంగతికొస్తే చర్చ మరీ ఆసక్తికరంగా ఉంది. ఆశగా ఉండేవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారా? మైఖేల్ షయర్, చార్లెస్ కార్వర్ 1985లో ఆశావహ దృష్టిని కొలవడానికి ఓ చిన్న ప్రశ్నావళి తయారుచేశారు. ఏం జరుగుతుందో తెలియని వేళల్లో మీరు మంచిని ఊహిస్తారా, చెడునా అన్నది దాని సారాంశం. అలాంటి ప్రశ్నల జవాబుల్నే వాడుకుని బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయినా లీ బృందం 2019లో ఓ పెద్ద లెక్క బయటపెట్టింది. 69,744 మంది మహిళలు, 1,429 మంది పురుషులు. మహిళల్ని పదేళ్ళు, పురుషుల్ని ముప్ఫై ఏళ్ళు గమనించారు. అందరికన్నా ఆశగా ఉన్నవాళ్ళ ఆయుర్దాయం, అందరికన్నా నిరాశగా ఉన్నవాళ్ళకంటే సగటున 11 నుంచి 15 శాతం ఎక్కువగా తేలింది. 85 ఏళ్ళు దాటేవాళ్ళూ వాళ్ళలోనే ఎక్కువ.

ఇది చదివి వెంటనే నవ్వడం మొదలుపెట్టేముందు ఇంకో లెక్క కూడా చూడాలి. 2015 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో బెట్ లియు, రిచర్డ్ పీటో తదితరులు బ్రిటన్‌లో 7 లక్షల పైచిలుకు మహిళల మీద పదేళ్ళ అధ్యయనం ప్రచురించారు. పైపైన చూస్తే సంతోషంగా లేనివాళ్ళు ఎక్కువమంది చనిపోయారు. కానీ అధ్యయనం మొదట్లో వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంది, పొగతాగుతారా, వ్యాయామం ఉందా అన్నవి లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా మాయమైంది. సంతోషం నేరుగా ఆయుష్షు పెంచిన ఆధారం లేదని వాళ్ళు తేల్చారు. దిగులు మనిషిని జబ్బున పడేయడం కన్నా, జబ్బు మనిషిని దిగాల్లో పడేయడం ఎక్కువగా జరుగుతోందని అర్థం. తిరగేసి చూస్తే ఎంత సహజమైన సంగతి! మోకాళ్ళ నొప్పులతో రాత్రంతా నిద్రపట్టని పెద్దావిడ పొద్దున్నే కళకళలాడుతూ కనిపించకపోతే తప్పు ఆవిడ దృక్పథానిదా?

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయా? అంత ఖచ్చితంగా కాదు. ఒకటి కొలిచింది రేపటి మీద లెక్కని, రెండోది కొలిచింది ఇవాళ్టి సంతోషాన్ని. రేపు ఉంటుందని లెక్కవేసుకునే మనిషి షుగరు మందు మానడు, సిగరెట్టు మానడానికి ప్రయత్నిస్తాడు, డాక్టరు రమ్మన్న రోజుకి వెళ్తాడు. లీ బృందం లెక్కల్లో కూడా ఇలాంటి అలవాట్లని కలిపి చూస్తే తేడా కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగిలింది ఏమిటన్నది ఇంకా తేలాలి. పైగా ఇవన్నీ గమనించి రాసుకున్న లెక్కలే, చీటీలు తీసి సగంమందిని ఆశావాదులుగా మార్చి చూసినవి కావు. కాబట్టి ‘ఆశ ఆయుష్షు పెంచును’ అని గోడ మీద రాసేంత ధైర్యం సైన్సుకి ఇంకా రాలేదు.

అసలు దీన్ని ఎంచుకోవచ్చా అన్నది తరవాతి ప్రశ్న. కొంతవరకే. స్వీడన్ కవలల మీద చేసి 1992లో ప్రచురించిన అధ్యయనం ఆశావహ దృష్టిలో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో దాదాపు నాలుగోవంతు పుట్టుకతో వచ్చేదని లెక్కగట్టింది. మిగతా ముప్పావులో పెంపకం ఉంది, చేతిలో డబ్బుంది, పడ్డ దెబ్బలున్నాయి. దానికి తోడు చెడు వార్త మంచి వార్తకన్నా గట్టిగా తాకడం మనందరి మెదడుకీ ఉన్న లక్షణం. పది బేరాలు బాగా సాగి, పదకొండోవాడు సరుకు బాగాలేదని విసిరేసి పోతే, రాత్రి పడుకునేటప్పుడు గుర్తొచ్చేది ఆ పదకొండోవాడి మొహమే. ప్రాణం కాపాడుకోవడానికి పనికొచ్చిన లక్షణమే గాని, దీంతో కాపురం చేయడం కష్టం.

డబ్బు మాట అన్నాను కదా, దాన్ని అలా దాటేసి పోలేం. 2013లో సైన్స్ పత్రికలో ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ ఝావో ప్రచురించిన పరిశోధన పక్కనే ఉన్న తమిళనాడులో జరిగింది. 464 మంది చెరుకు రైతులు. చెరుకు డబ్బు ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. అంటే అదే రైతు కోతకి ముందు అప్పుల్లో, తాకట్టుల్లో ఉంటాడు, కోత అయ్యాక కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. ఇద్దరు వేర్వేరు మనుషుల్ని పోల్చక్కర్లేదు, ఒకే మనిషిని రెండుసార్లు పరీక్షిస్తే చాలు. కోతకి ముందు అదే రైతుకి తర్కం, ఏకాగ్రత పరీక్షల్లో మార్కులు తగ్గాయి. అప్పు ఆలోచన మెదడులో చోటు ఆక్రమించేసి మిగతావాటికి జాగా లేకుండా చేస్తోంది. వడ్డీ గడువు ముంచుకొస్తున్న మనిషికి ‘పాజిటివ్‌గా ఉండు బాబూ’ అని సలహా ఇవ్వడం కన్నా గడువు ఓ నెల పొడిగించడం ఎక్కువ సైన్సు.

ఇంత చెప్పాక ఎంచుకోవడానికి మిగిలిందేమైనా ఉందా? ఉంది. మూడ్‌ని ఎంచుకోలేకపోవచ్చు, ధ్యాసని కొంత ఎంచుకోవచ్చు. ఇక్కడ ఆత్రేయపురంలో రేకు తీసే కుండ దగ్గరికి వెళ్ళాలి.

రావులపాలెం నుంచి ఆత్రేయపురం వస్తుంటే దారి పొడవునా పూతరేకుల దుకాణాలే. దుకాణంలో కనిపించేది చుట్టి, నెయ్యీ పంచదారో బెల్లమో కూరిన రేకు. దాని వెనక ఇళ్ళల్లో ఆడవాళ్ళు తీసే ఒట్టి రేకు ఉంది. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పల్చటి జావలా కలుపుతారు. ప్రత్యేకంగా చేయించిన కుండని పొయ్యి మీద బోర్లిస్తారు. పక్కనున్న నోట్లోంచి ఎండు కొబ్బరాకు కొద్దికొద్దిగా ఎగదోస్తారు. పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి రెండు చేతులా పట్టుకుని కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. సెకన్లలో పొర ఆరి రేకవుతుంది, దాన్ని చిరగకుండా తీయాలి. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే ఊడిరాదు. పిండి చిక్కబడితే మందమవుతుంది. ఇదంతా చెయ్యి చెబుతుంది, గడియారం కాదు.

హంగేరీ మూలాలున్న మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే శాస్త్రవేత్త పనిలో లీనమైపోయే స్థితి గురించి ఏళ్ళ తరబడి పరిశోధించి 1990లో పుస్తకం రాశారు. ఏం చేయాలో స్పష్టంగా తెలిసుండాలి, చేసింది ఒప్పో తప్పో వెంటనే తెలియాలి, పని చేతి నేర్పుకి సరితూగేంత కష్టంగా ఉండాలి. అప్పుడు మనిషి తన్ను తాను మరిచిపోతాడు. రేకు తీయడంలో ఈ మూడూ ఉన్నాయి. ఒప్పో తప్పో రెండు సెకన్లలో కుండే చెప్పేస్తుంది. 2010లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ ఫోనుల ద్వారా 2,250 మందిని రోజులో ఏ వేళంటే ఆ వేళ పలకరించి ‘ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది, ఎలా ఉంది’ అని అడిగారు. 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు ఎక్కడికో పోయినప్పుడు జనం, చేస్తున్న పని ఏదైనా సరే, తక్కువ సంతోషంగా ఉన్నారు. చేస్తున్న పని ఏమిటన్నదాని కన్నా మనసు అక్కడ ఉందా లేదా అన్నదే సంతోషాన్ని బాగా పట్టిచ్చింది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. కుండ దగ్గర కూర్చున్నవాళ్ళంతా తన్మయత్వంలో ఉన్నారని ఊరి బయట నుంచి వచ్చిన నాలాంటివాడు రాసేయడం తేలిక. ఆ పనిలో పొగ ఉంది, మంట సెగ ఉంది, గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చున్నందుకు నడుంనొప్పి ఉంది. ఎన్ని రేకులు తీస్తే అంత కూలి అయినప్పుడు ఏకాగ్రత ఆనందం కోసం కాదు, పూట గడవడానికి. పని మీద ధ్యాస మనసుకి మంచిదే, కానీ ఆ పనికి సరైన ధర, పొగ పోయే గొట్టం కూడా మనసుకి మంచివే. పరిశోధనల్లో మొదటిదాని గురించే ఎక్కువ రాస్తారు, ఎందుకంటే దానికి ఖర్చు లేదు.

ధ్యాసలాగే ఎంచుకోగలిగింది ఇంకొకటుంది: జరిగినదానికి మనం చెప్పుకునే అర్థం. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ రెండు పద్ధతుల్ని పోల్చి చూశారు. ఏడుపొస్తుంటే మొహంలో కనబడకుండా దిగమింగుకోవడం ఒకటి. ఆ సంఘటననే ఇంకో కోణం నుంచి చూడడం ఇంకొకటి. దిగమింగుకున్నవాళ్ళకి లోపల బాధ తగ్గలేదు, గుండె మీద ఒత్తిడి పెరిగింది, ఎదుటివాళ్ళు చెప్పింది కూడా సరిగా గుర్తులేదు. కోణం మార్చుకున్నవాళ్ళకి బాధే తగ్గింది. 2002లో కెవిన్ ఆక్స్‌నర్ బృందం మెదడు స్కానుల్లో కూడా ఇది చూపించింది: కోణం మార్చుకునేటప్పుడు నుదుటి వెనక భాగం చురుకై, భయాన్ని పసిగట్టే అమిగ్డలా నెమ్మదిస్తుంది. మన ఇళ్ళల్లో ‘ఊరుకో, ఏడవకు, నవ్వు మొహం పెట్టు’ అని పిల్లలకి నేర్పేది మాత్రం మొదటిదాన్నే. దాన్నే పాజిటివ్‌గా ఉండడం అంటున్నాం.

అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పవాణ్ణి’ అని పదిసార్లు అనుకోమనే సలహా సంగతీ తేల్చేద్దాం. కెనడాలో జోఆన్ వుడ్ బృందం 2009లో దీన్ని పరీక్షించింది. తమ మీద తమకి ముందే మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకి కొంచెం మేలు జరిగింది. తమని తాము తక్కువగా చూసుకునేవాళ్ళు, అంటే ఈ సలహా ఎవరి కోసమో వాళ్ళు, ఆ మాట అనుకున్నాక ఇంకా కుంగిపోయారు. నమ్మలేని మాట నోటితో అంటుంటే లోపలి గొంతు ‘అబ్బో’ అంటుంది కదా. అలాగే ఒక్క చెడు భావానికి 2.9 మంచి భావాలుంటే జీవితం వికసిస్తుందని 2005లో ఓ గణిత సూత్రం బాగా చలామణి అయింది. 2013లో నిక్ బ్రౌన్ అనే నడివయసు విద్యార్థి, భౌతికశాస్త్రవేత్త ఆలన్ సోకల్, హారిస్ ఫ్రీడ్‌మన్ కలిసి ఆ గణితంలో పసలేదని నిరూపించారు. వేలమంది శిక్షకులు అప్పటికే ఆ అంకెని తరగతుల్లో చెప్పేశారు.

ఇక పనికొచ్చేదానికి వద్దాం. ఓటింగెన్ పగటికల పనిచేయదని చెప్పి ఊరుకోలేదు. ముందు కోరుకున్నది ఊహించుకో, వెంటనే దానికి అడ్డుపడేదాన్ని కూడా అంత స్పష్టంగా ఊహించుకో అన్నారు. క్రమం ముఖ్యం. కోరిక పక్కన అడ్డంకిని నిలబెట్టినప్పుడు, అందేదయితే మనిషి పూనుకుంటాడు, అందనిదయితే వదిలేసి వేరేదాని మీద పడతాడు. వదిలేయగలగడం కూడా ఇందులో మేలే. దీనికి ఆవిడ భర్త, మరో మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ కనిపెట్టిన చిన్న చిట్కా జతయింది: ‘ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను’ అని ముందే మాట అనుకోవడం. గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో అలాంటి 94 పరీక్షల్ని కలిపి చూస్తే, ఊరికే ‘చేస్తాను’ అనుకున్నవాళ్ళకన్నా ఇలా సమయం, సందర్భం కట్టుకున్నవాళ్ళు అనుకున్నది సాధించడంలో చెప్పుకోదగ్గంత ముందున్నారు.

ఆత్రేయపురం మండలంలోనే ఉన్న వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాలు వస్తానని మొక్కుకునేవాళ్ళు లెక్కలేనంతమంది. దేవుడు కోరిక తీరుస్తాడా అన్నది ఈ వ్యాసం పరిధి కాదు. మొక్కు కట్టిన తీరు చూడండి: వారం ఖాయం, చోటు ఖాయం, ఎన్నిసార్లో ఖాయం, చేయాల్సిన ప్రదక్షిణలు ఖాయం. శనివారం రాగానే వెళ్ళాలా వద్దా అని మనసుతో బేరమాడక్కర్లేదు. ‘ఇకనుంచి రోజూ నడుస్తాను’ అని జనవరి ఒకటిన అనుకుని మూడో తారీఖున మానేసేవాళ్ళు, తెల్లవారుజామునే లేచి ఏడు శనివారాలూ తప్పకుండా వెళ్ళిరావడంలో ఆశ్చర్యం లేదు. అలాగే 11.75 అడుగులు అంటే గేదెలు గట్టు మీదకి. ఇది కూడా అదే కట్టుబాటు. ప్రతి వరదకీ భయపడాలా, ధైర్యంగా ఉండాలా అని కొత్తగా తేల్చుకోవాల్సిన పనిలేకుండా చేసిందీ అంకె. భయం ఎప్పుడు మొదలుపెట్టాలో నదే చెబుతుంది కాబట్టి మిగతా రోజులన్నీ పని చేసుకోవచ్చు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని తొక్కేసింది. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క నాటితే గెల వేయడానికి ఐదారేళ్ళు పడుతుంది. అప్పుడు నాటినవాళ్ళెవరూ మనసు బాగుండి నాటలేదు. నాటాల్సి వచ్చింది గనక నాటారు. మనసు కుదుటపడింది తరవాతెప్పుడో.

ఈ వరసే, పని ముందు మనసు వెనక, ఇప్పుడు వైద్యంగా మారింది. దిగులు జబ్బుగా ముదిరినవాళ్ళ దగ్గర ‘మనసు బాగుంటే లేస్తాను’ అన్నది ఎప్పటికీ తీరని షరతు. అందుకని దాన్ని తిరగేశారు: మనసు ఎలా ఉన్నా సరే, రేపు సాయంత్రం ఐదింటికి చెల్లెలింటి దాకా నడిచివెళ్ళు, తరవాత ఎలా ఉందో చూద్దాం. గోవాలో విక్రమ్ పటేల్, సంగత్ సంస్థ పరిశోధకులు పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సుమారు 500 మంది రోగులతో దీన్ని పరీక్షించి 2017లో లాన్సెట్‌లో ప్రచురించారు. మందలింపులు లేవు, సుభాషితాలు లేవు. డాక్టర్లు కూడా కారు, కొన్ని వారాల శిక్షణ పొందిన మామూలు మనుషులు ఆరు నుంచి ఎనిమిదిసార్లు కలిసి మాట్లాడారు. ఏ పని చేస్తే ఏమనిపించిందో కాగితం మీద రాయించారు, మానేసిన పనుల్లో ఒక్కోటీ తిరిగి మొదలుపెట్టించారు, ఇంట్లో తేలని తగాదా ఉంటే దాన్ని తేల్చుకునే దారి వెతికారు. మూడు నెలల తరవాత వీళ్ళలో 64 శాతం మంది జబ్బు నుంచి బయటపడ్డారు. మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్ళలో అది 39 శాతం.

మిగిలిన 36 శాతం మంది సంగతి కూడా చూడాలి. వాళ్ళకి మందులు కావాలి, ఇంకా సమయం కావాలి, ఇంట్లోవాళ్ళ ఓపిక కావాలి. రెండు వారాలకి పైగా నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి పోయి, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తుంటే అది దృక్పథం లోపం కాదు, చూపించుకోవాల్సిన జబ్బు. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ పేరుతో 14416 నంబరు నడుపుతోంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.